చెల్క నేలలో ఎర్తు: పాత వీడియో గేమ్ పెట్టె మీదుగా ఒక సమీక్ష

1972లో అటారీ ‘పాంగ్’తో మొదలై, 1978లో టైటో ‘స్పేస్ ఇన్వేడర్స్’తో, 1980లో నామ్‌కో ‘ప్యాక్‌మ్యాన్’తో ప్రపంచమంతా అల్లుకున్న వీడియో గేమ్ పెట్టెలు మన పట్టణాల బస్టాండు సందుల్లోకి, టాకీసుల పక్కకు వచ్చేసరికి 1990లు అయ్యాయి. రూపాయి బిళ్ల వేసి ‘ముస్తఫా’ ఆడని పిలగాడు ఆ తరంలో అరుదు. 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ ఆటను మనవాళ్లు పిలుచుకున్నది ఆ పేరుతోనే. ఆ పెట్టెలు చాలావరకు తుక్కు కిందికి పోయాయి. మిగిలినవాటిని ఇష్టంగా బాగుచేసుకునేవాళ్లు అక్కడక్కడ ఉన్నారు. మూత తెరవకముందే వాళ్లకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ఇనుప అంచు తగిలితే చేయి ఎందుకు జివ్వుమంటోంది?

ఈ ప్రశ్నకు జవాబులు రెండు. ఒకటి స్టాటిక్, అంటే ఒంటి మీద పోగయ్యే స్థిర విద్యుత్తు. రెండోది సరైన ఎర్తు లేక పెట్టె ఇనుము మీదికి ఎక్కే లైను కరెంటు. అమెరికాలోనో యూరప్‌లోనో రాసిన సలహాలు స్టాటిక్‌కు పెద్దపీట వేస్తాయి. అక్కడి ఇళ్లలో తివాచీలు, చలికాలపు పొడిగాలి ఉంటాయి. పైగా గోడ సాకెట్‌లో ఎర్తు ఉంటుందని నమ్మవచ్చు. తెలంగాణలోని మన సిద్దిపేటలో పరిస్థితి తలకిందులు. ఇక్కడ నేల బండ, కాళ్లకు చెప్పులుండవు, సాకెట్‌లో మూడో రంధ్రం వెనక వైరు ఉందో లేదో ఇల్లుగలాయనకే తెలియదు. అందుకే మన దగ్గర ఈ సమస్యను చూడాల్సిన వరుస వేరు. ఆటపెట్టెకు వర్తించే ప్రతి లెక్కా ఇంట్లోని ఇనుప కూలర్‌కు, బావి దగ్గరి స్టార్టర్ డబ్బాకు కూడా వర్తిస్తుంది కాబట్టి, పెట్టె దగ్గర మొదలుపెట్టి అక్కడిదాకా పోవడమే సబబు.

పెట్టె లోపల

పెట్టె చెక్కదే. కానీ చేయి తగిలే చోటల్లా ఇనుమే: బిళ్ల వేసే తలుపు, జాయ్‌స్టిక్ బిగించిన రేకు, కీళ్లు, బోల్టులు. లోపల పిక్చర్ ట్యూబు, దాన్ని మోసే ఇనుప చట్రం, 5 వోల్టులు, 12 వోల్టులు ఇచ్చే పవర్ సప్లై, ఆట ఉన్న సర్క్యూట్ బోర్డు ఉంటాయి. 1985లో జపాన్ తయారీదారులు ‘జామా’ అనే 56 కాళ్ల కనెక్టర్‌ను ప్రమాణంగా పెట్టుకున్నాక, ఒకే పెట్టెలో బోర్డు మార్చి వేరే ఆట నడపడం తేలికైంది. ఆ తేలికే ఎర్తుకు ముప్పు తెచ్చింది. బోర్డు మార్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడ్డొచ్చిన ఆకుపచ్చ ఎర్తు వైరును విప్పుతారు. దాన్ని మళ్లీ బిగించకపోయినా ఆట నడుస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఎర్తు వైరు తెగినా పనిలో తేడా కనబడకపోవడమే దానితో ఉన్న ప్రధాన చిక్కు.

జివ్వుమనడానికి కారణం పవర్ సప్లైలో ఉంది. కరెంటులోని రొద వడగట్టడానికి ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చొప్పున రెండు చిన్న కెపాసిటర్లు దాని ఇనుప డబ్బాకు కలిపి ఉంటాయి. డబ్బాను ఎర్తుకు కలిపితే వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది. కలపకపోతే డబ్బా 230 వోల్టుల్లో సగం దగ్గర, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కెపాసిటర్ 4.7 నానోఫారడ్‌లది అనుకుంటే, తాకిన మనిషి గుండా పోయేది సుమారు 0.34 మిల్లీ ఆంపియర్లు. మనిషికి కరెంటు స్పర్శ తెలిసేదే దాదాపు 0.5 మిల్లీ ఆంపియర్ల దగ్గర. కాబట్టి ఒక్క పెట్టె అయితే లేత చర్మానికో, చెమట పట్టిన మోచేతికో తెలుస్తుంది, అంతే.

షాపులో 10 పెట్టెలు వరుసగా ఉండి, వాటి ఎర్తు పిన్నులన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో కలిసి, ఆ బోర్డు మాత్రం నేలకు కలవకపోతే లెక్క మారుతుంది. పదింటి కరెంటూ కలిసి 3.4 మిల్లీ ఆంపియర్లవుతుంది. అది గట్టిగా కుదిపే షాకే. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటితే పట్టుకున్న చేయి వదలదు. 30 దాటి కొంతసేపు ఆగితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. 2000ల్లో ఇంటర్నెట్ సెంటర్లకు వెళ్లినవాళ్లకు కంప్యూటర్ డబ్బా తగిలి జివ్వుమన్న అనుభవం ఉండే ఉంటుంది. అక్కడ జరిగిందీ ఇదే. దాన్ని ‘స్టాటిక్‌లే’ అని కొట్టిపారేయడం పొరపాటు. స్టాటిక్ ఒక్కసారి చురుక్కుమని పోతుంది. చేయి పెట్టినంతసేపూ జుమ్ముమంటుంటే అది లైను కరెంటే.

తెర వైపు ఇంకా జాగ్రత్త కావాలి. పాత టీవీ చాసిస్‌లు చాలావాటిలో మెయిన్స్‌ను నేరుగా డయోడ్లకు ఇస్తారు. దాంతో చాసిస్ మొత్తం లైను కరెంటులోనే ఉంటుంది. టీవీకైతే ప్లాస్టిక్ డొక్కు ఉంది కాబట్టి సరిపోయింది. అదే చాసిస్‌ను ఆటపెట్టెలో తెరగా పెట్టి బోర్డు వైర్లు కలిపితే, ఆ కరెంటు జాయ్‌స్టిక్ రేకుదాకా రావచ్చు. దీనికి మందు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. 230 వోల్టులు తీసుకుని 230 వోల్టులే ఇచ్చినా, లైనుకూ చాసిస్‌కూ నేరు సంబంధం లేకుండా చేస్తుంది. పాత ఆర్కేడ్ మానిటర్లు చాలావాటికి ఇది తప్పనిసరి. బరువనో, మోత చేస్తోందనో తీసేసిన పెట్టెను ఇంట్లో పిల్లల ముందు పెట్టకూడదు.

ట్యూబు సంగతి వేరే. దాని పక్కన రబ్బరు మూత కింద ఉండే యానోడ్ దగ్గర రంగుల తెరల్లో 20 వేల నుంచి 25 వేల వోల్టులదాకా ఉంటుంది. ట్యూబు గాజుకు బయట పూసిన నల్లటి గ్రాఫైట్ పూత, లోపలి పూత కలిసి పెద్ద కెపాసిటర్‌గా పనిచేస్తాయి. అందుకే స్విచ్ ఆపాక కూడా చార్జి నిలిచి ఉంటుంది. ఆ నల్ల పూతను చాసిస్‌కు కలిపే జడలాంటి రాగి తీగ ఒకటి ట్యూబు వెనక చుట్టి ఉంటుంది. అది వదులైతే చిటపట రవ్వలు ఎగిరి బోర్డులోని చిప్పులు పోతాయి. దాన్ని బిగించడం, ట్యూబును డిశ్చార్జి చేయడం అనుభవమున్న టీవీ మెకానిక్ పని. ఆ పాతతరం మెకానిక్‌లు సిద్దిపేటలాంటి ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్ల చేతిపని విలువ తెలిసినవాళ్లు తగ్గిపోవడం బాధాకరం.

స్టాటిక్ ఎంత, ఎక్కడ

మనిషి శరీరం సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటర్ లాంటిది. పొడిగాలిలో తివాచీ మీద నడిస్తే ఒంటి మీద 35 వేల వోల్టులదాకా చేరవచ్చనీ, గాలిలో తేమ 65 శాతం దాటితే అదే నడకకు 1,500 వోల్టులు మించకపోవచ్చనీ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ ఏళ్లుగా వాడే పట్టికలు చెబుతాయి. 3 వేల వోల్టులకు లోపు ఉంటే మనకు చురుకు కూడా తెలియదు. 10 వేల వోల్టుల దగ్గర ఆ 100 పికోఫారడ్‌లలో ఉండే శక్తి 5 మిల్లీ జూళ్లు. మనిషికి అది చురక మాత్రమే. పాత సీమాస్ చిప్పులకు మాత్రం కొన్ని వందల వోల్టులే చాలు. మనకు తెలియకుండానే చిప్పును చంపేయవచ్చన్నమాట.

ఆటశాలల్లో దీనికి ఒక చరిత్ర కూడా ఉంది. కుర్రాళ్లు లైటర్‌లోని పీజో ముక్కతో బిళ్ల తలుపు దగ్గర రవ్వ పుట్టించేవారు. ఆ రవ్వ బిళ్ల స్విచ్ వైరులోకి దూకితే, బిళ్ల పడిందని బోర్డు పొరబడి ఆట ఇచ్చేది. తలుపును, రేకును దళసరి తీగతో ఎర్తుకు కలిపితే రవ్వ ఆ దారిన పోతుంది. కలపకపోతే దగ్గరున్న స్విచ్ వైరు మీదుగా బోర్డులోకి పోతుంది. ఆట మధ్యలో దానంతటదే మళ్లీ మొదలవడం, ఊరికే క్రెడిట్లు పడడం కనిపిస్తే ముందు చూడాల్సింది తలుపు ఎర్తునే.

ఇక మన నేల సంగతి. షాబాదు బండలు, సిమెంటు గచ్చు, ఉత్త కాళ్లు ఉన్నచోట ఒంటి మీద చార్జి నిలవదు, నేలలోకి జారిపోతుంది. అందుకే మన వీడియో గేమ్ షాపుల్లో స్టాటిక్ పెద్ద తలనొప్పి కాలేదు. ప్లాస్టిక్ కుర్చీ, పాలిస్టర్ బట్టలు, ఏసీ గది, వినైల్ పరుపు ఒకచోట చేరితేనే అది మన దగ్గర తలెత్తుతుంది. కానీ స్టాటిక్ నుంచి కాపాడిన ఆ ఉత్త కాళ్లే, ఆ తడి గచ్చే లైను కరెంటుకు రాచబాట వేస్తాయి. అమెరికాలో రబ్బరు అడుగు బూట్లతో తివాచీ మీద నిలబడినవాడికి చురక తగిలే చోట, కడిగిన గచ్చు మీద నిలబడ్డ మన పిల్లవాడికి ప్రాణం మీదికి వస్తుంది. ఈ తేడాను లెక్కలోకి తీసుకోని సలహా ఎంత గొప్పవాళ్లు రాసినా మనకు పనికిరాదు.

బోర్డు చేతపట్టి పనిచేసేవాళ్లు మణికట్టు పట్టీ వాడడం మంచిదే. అందులో 1 మెగా ఓము నిరోధకం ఉందో లేదో చూసుకోవాలి. పొరపాటున 230 వోల్టులు తగిలినా ఒంట్లోంచి 0.23 మిల్లీ ఆంపియర్లకు మించి పోనివ్వనిది అదే. కరెంటు ఉన్న పిక్చర్ ట్యూబు దగ్గర మాత్రం పట్టీ కట్టుకోనేకూడదు.

గుంతలో ఉప్పు, బొగ్గు పోస్తే చాలా?

2016 అక్టోబర్ 11న మెదక్ నుంచి విడివడి జిల్లా అయిన సిద్దిపేట గ్రానైటు నేల. పైన ఎర్ర చెల్క, దుబ్బ, కింద మొరం, ఆ కింద బండ. అక్కడక్కడ రేగడి. ఈ వరుస బోర్లు వేయించిన రైతులకు కంఠతా వచ్చు. ఎర్తు గుంత తవ్వేవాడికి కూడా అదే లెక్క.

మన దేశంలో ఎర్తింగ్‌కు ప్రమాణం ఐఎస్ 3043. అందులో చెప్పిన మామూలు పైపు ఎర్తు 40 మిల్లీమీటర్ల జీఐ పైపు, 2.5 మీటర్ల పొడవు. అదే ప్రమాణం ఇచ్చిన సూత్రంతో లెక్క వేస్తే, తడి రేగడిలో (నేల నిరోధకత 20 ఓము-మీటర్లు అనుకుందాం) ఆ పైపుకు నేలతో ఉండే నిరోధం సుమారు 7 ఓములు. నేల 100 ఓము-మీటర్లదైతే 35 ఓములు. ఎండిన మొరం 500 అనుకుంటే 176 ఓములు. పైపు అదే, పని చేసిన మేస్త్రీ అతనే, పోసిన ఉప్పు, బొగ్గు అంతే. తేడా అంతా నేలది.

ఇప్పుడు కూలర్‌లో ఫేజు వైరు ఒరిసి ఇనుప డొక్కుకు తగిలిందనుకోండి. డొక్కుకు ఎర్తు ఉంది. కరెంటు పైపు ద్వారా నేలలోకి దిగి, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎర్తు ద్వారా తిరిగి వెళ్లాలి. ఆ ఎర్తుకు 5 ఓములు వేసుకుందాం. ఎండిన మొరంలో మొత్తం 181 ఓములు. 230ని దానితో భాగిస్తే పారేది 1.27 ఆంపియర్లు. కరెంటు మితిమీరితే లైను కోయడానికి ఇంట్లో ఉన్న 16 ఆంపియర్ల ఎంసీబీ దీన్ని మామూలు లోడు కింద జమకడుతుంది, పడదు. డొక్కు మీద 224 వోల్టులు అలాగే నిలబడి ఉంటాయి. ఎర్తు ఉండి కూడా! రేగడిలోనైనా పారేది 19 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ అంత స్వల్ప తేడాకు గంటదాకా పడకపోవచ్చు. అంతసేపూ డొక్కు మీద 134 వోల్టులుంటాయి.

మొత్తం సమీక్షలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. స్తంభం నుంచి ఫేజు, న్యూట్రల్ మాత్రమే వచ్చి, ఎర్తు మాత్రం ఇంటివాళ్లే గుంత తవ్వి పెట్టుకునే మన పద్ధతిలో, ఎర్తు ఒక్కటే మనిషిని కాపాడదు. దానికి తోడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే ఆ తేడాను పట్టి లైను కోసేది అది. 30 మిల్లీ ఆంపియర్ల తేడాకు 0.3 సెకనులోపు, దానికి ఐదింతలైతే 0.04 సెకనులోపు పడాలని ప్రమాణం. డొక్కు మీద 50 వోల్టులు మించకుండా చూడడానికి ఈ పరికరానికి 1,667 ఓముల ఎర్తు ఉన్నా చాలు. ఎంసీబీకి 7 ఓములే సరిపోని చోట, దీనికి 176 ఓముల మొరం ఎర్తు హాయిగా సరిపోతుంది. బండనేల జిల్లాకు ఇంతకన్నా తగిన పరికరం లేదు.

అలాగని ఎర్తు గుంత వదిలేయమని కాదు. ఎర్తు వైరు ఉంటే డొక్కుకు ఫేజు తగిలిన క్షణంలోనే ఆర్‌సీసీబీ పడుతుంది. లేకపోతే ఎవరో ఒకరు తాకేదాకా ఆగి, ఆ మనిషి ఒంట్లోంచి కరెంటు పారాకే పడుతుంది. గుంత మెరుగుపరచాలంటే పైపు లావు పెంచడం దండగ. వ్యాసం రెట్టింపు చేస్తే నిరోధం ఎనిమిదో వంతే తగ్గుతుంది, పొడవు రెట్టింపు చేస్తే 44 శాతం తగ్గుతుంది. కింద బండ తగిలితే 5 మీటర్ల ఎడంగా ఇంకో పైపు వేసి రెండూ కలపాలి, లేదా కందకం తవ్వి జీఐ పట్టీని అడ్డంగా పరచాలి. ఉప్పు వానలకు కరిగి కొట్టుకుపోతుంది, పైగా పైపును తింటుంది. ఎండాకాలంలో గుంతలో నీళ్లు పోయడం పాత అలవాటే అయినా సరైన అలవాటు.

ఆర్‌సీసీబీకి కూడా హద్దులున్నాయి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ని అది గుర్తించలేదు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఏం జరిగినా దానికి తెలియదు కాబట్టి ఆటపెట్టె తెర వెనక అది మనకు అండ కాదు. పవర్ సప్లైలు ఎక్కువున్న షాపులో లీకులన్నీ కూడి 15 మిల్లీ ఆంపియర్లు దాటితే ఊరికే పడవచ్చు. అప్పుడు దాన్ని పీకేయకుండా, వరుసకో ఆర్‌సీసీబీ చొప్పున పంచాలి. ఎలక్ట్రానిక్ సామాన్లకు ‘టైప్ ఏ’ రకం మేలు.

ప్రాణాంతకమైన అలవాట్లు

కొందరు కరెంటు పనివాళ్లు సాకెట్‌లోనే న్యూట్రల్ నుంచి చిన్న తీగ తీసి ఎర్తు పిన్నుకు కలుపుతారు. జివ్వుమనడం వెంటనే ఆగిపోతుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు. ఏదో ఒక రోజు స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగితే, వెలుగుతున్న బల్బు గుండా 230 వోల్టులు ఆ చిన్న తీగ ద్వారా ఫ్రిజ్ తలుపు మీదికి, కూలర్ మీదికి, ఆటపెట్టె మీదికి ఒకేసారి వస్తాయి. ఇంతకన్నా ప్రమాదకరమైన పని ఇంటి వైరింగులో లేదు. దానికి క్షమ కూడా లేదు.

ఫేజుకూ ఎర్తుకూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి, వెలిగితే ఎర్తు బాగుందనడం ఇంకో అలవాటు. ఆ బల్బు నిరోధం వేడెక్కాక 529 ఓములు. 7 ఓముల ఎర్తుకూ 35 ఓముల ఎర్తుకూ వెలుగులో తేడా కంటికి ఆనదు. 176 ఓములైతే కాస్త మందగిస్తుంది. ఆ పరీక్ష జరుగుతున్నంతసేపూ ఇంట్లో ఎర్తు చేసిన ప్రతి ఇనుము మీద 57 వోల్టులుంటాయి. ఎర్తు పూర్తిగా తెగి ఉంటే, బల్బు గుండా వచ్చిన ఫేజంతా వాటి మీదే. కొలవడానికి ఎర్త్ టెస్టర్ అనే పరికరం ఉంది, దానితోనే కొలవాలి.

ఇక దండెం. సర్వీసు వైరు ఒరుసుకుపోయిన ఇనుప స్తంభానికి జీఐ తీగ కట్టి బట్టలు ఆరేయడం, తడి బట్ట వేసిన ఇల్లాలు అక్కడికక్కడే పోవడం తెలంగాణ పత్రికల్లో ఏటా వానాకాలం కనిపించే వార్త. దేశంలో కరెంటు షాక్‌తో ఏటా 10 వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలే చెబుతున్నాయి. దండేనికి తీగ వద్దు, నైలాన్ తాడు చాలు. ఈ ఒక్క మార్పుకు పెద్ద ఖర్చేమీ లేదు.

పొలం దగ్గర పరిస్థితి ఇంకా కఠినం. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక రాత్రిపూట మోటారు కోసం చీకట్లో పరుగెత్తే అవసరం తగ్గింది. అది నిజంగా ప్రాణాలు నిలిపే మార్పు. కానీ ఇనుప స్టార్టర్ డబ్బా అలాగే ఉంది. రంగనాయకసాగర్, కొండపోచమ్మ సాగర్ జలాశయాల నీళ్లొచ్చిన చోట మళ్లు ఎక్కువ కాలం తడిగా ఉంటున్నాయి. తడినేల ఎర్తు పైపుకు మంచిదే, ఆ బురదలో ఉత్త కాళ్లతో నిలబడి డబ్బా ముట్టే రైతుకు మాత్రం కాదు. బోరులోని మోటారు పాతబడేకొద్దీ లీకు పెరుగుతుంది కాబట్టి అక్కడ 30 మిల్లీ ఆంపియర్ల పరికరం నిలవకపోవచ్చు. 100 లేదా 300 మిల్లీ ఆంపియర్లది పెట్టి, డబ్బాకు ప్లాస్టిక్ పెట్టె వాడి, ఎర్తును ఇనుప కేసింగ్ పైపుకు కలపాలి. 300 మిల్లీ ఆంపియర్లదైతే ఎర్తు 167 ఓములకు లోపు ఉండాలి. కేసింగ్ లోతుగా దిగి ఉంటుంది కాబట్టి అది సాధ్యమే. ఉచిత కరెంటు ఇచ్చే ప్రభుత్వం ప్రతి సర్వీసుకూ ఈ పరికరాన్ని, ప్లాస్టిక్ డబ్బాను కూడా ఇవ్వాలి. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు నిబంధనల ప్రకారం ఉండాల్సిన రెండు వేర్వేరు ఎర్తులు ఉన్నాయో లేదో ఏటా ఎండాకాలానికి ముందు కొలిచి, ఆ అంకె గద్దె మీద రంగుతో రాయించాలి.

ఆటపెట్టె ఇంట్లో ఉన్నవాళ్లు చేయాల్సింది కొంచెమే. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించండి. బిళ్ల తలుపుకు, జాయ్‌స్టిక్ రేకుకు, తెర చట్రానికి, పవర్ సప్లై డబ్బాకు విడివిడిగా ఆకుపచ్చ వైరు వేసి ఒకే చోట కలపండి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉందో లేదో మెకానిక్‌తో చూపించండి. ఆటపెట్టె లేనివాళ్లు వేసవిలో కూలర్ బయటికి తీసేముందు ఇంటి బోర్డులో ఆర్‌సీసీబీ ఉందేమో చూడండి. ఉంటే దాని మీది టెస్ట్ బటన్ నొక్కండి, పడకపోతే మార్పించండి. లేకపోతే ముందు అది పెట్టించండి, ఆ తర్వాతే కూలర్‌లో నీళ్లు పోయండి.